ఫ్లై కట్టే వైస్ కొనేముందు: లెక్క హుక్ దగ్గర మొదలుపెట్టండి

పూలు కట్టేవాళ్ళలో కొందరు దారం కొసని కాలి బొటనవేలికి చుట్టుకుంటారు. అలా బిగించి పట్టి, రెండు చేతులతో చకచకా మల్లెలు కట్టేస్తారు. ఆ వేలు కదిలిందంటే మాల వదులైపోతుంది. చేపల వేటకి ఫ్లైలు కట్టేటప్పుడు వైస్ చేసే పని ఆ బొటనవేలిదే. హుక్‌ని పట్టుకుని కదలకుండా ఉండాలి. గుండ్రంగా తిరగడం, మెరిసే ఇత్తడి పీఠం, పది రకాల మరలు ఇవన్నీ ఆ పని సరిగ్గా చేశాక చూసుకోవాల్సిన సదుపాయాలు.

ఫ్లై అంటే ఏమిటో ఇంకా తెలియనివారికి ఒక్క మాట. హుక్ మీద ఈక, బొచ్చు, దారం, సన్నటి రాగి తీగ చుట్టి తయారుచేసే నకిలీ పురుగే ఫ్లై. వానపాము గుచ్చే పని ఉండదు. ఎరకి బరువు ఉండదు కాబట్టి లావుపాటి లైన్ బరువుతోనే దాన్ని నీళ్ళ మీదికి విసురుతారు. ట్రౌట్ చేపలు ఎక్కువగా ఇలాంటి పురుగుల మీదే బతుకుతాయి. అందుకే అమెరికా, ఇంగ్లండ్ లాంటి చోట్ల ఇది పెద్ద కళగా ఎదిగింది.

నేను కొలరాడోలో ఉంటాను. ఫ్లైలు కట్టడం మొదలుపెట్టాక మూడు వైస్‌లు మార్చాను. మొదటి రెండూ తప్పు బేరాలే. ఆ డబ్బు మీకు మిగలాలని ఇది రాస్తున్నాను.

1. ఏ హుక్ మీద కడతారో ముందు రాసుకోండి

కొత్తవాళ్ళు "ఏ కంపెనీ వైస్ మంచిది?" అని అడుగుతారు. నేనూ అదే అడిగాను. అసలు అడగాల్సింది, "నేను కట్టే అతి చిన్న హుక్ ఏది, అతి పెద్ద హుక్ ఏది?" అని.

హుక్ సైజుల లెక్క మొదట్లో తికమక పెడుతుంది. అంకె పెరిగేకొద్దీ హుక్ చిన్నదవుతుంది. 8 కంటే 16 చిన్నది, 16 కంటే 22 చాలా చిన్నది. ఇటువైపు వస్తే 2, 1 దాటాక 1/0, 2/0, 3/0 అని మొదలై అక్కడినుంచి అంకెతో పాటు హుక్ కూడా పెరుగుతుంది. 22 సైజు హుక్ ఇంచుమించు బియ్యపు గింజంతే ఉంటుంది. 3/0 హుక్ చూపుడువేలిలో సగం ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే దవడతో సమానంగా పట్టుకునే వైస్‌లు ఉన్నాయని డబ్బాల మీద రాస్తారు. పట్టుకోవడం వరకూ నిజమే కావచ్చు. కానీ ఆ దవడ దగ్గర మీ వేళ్ళకి చోటుంటుందా అన్నది డబ్బా మీద రాయరు.

మీ నీళ్ళని బట్టి లెక్క వేసుకోండి. మా దగ్గర సౌత్ ప్లాట్ నదిలో డెకర్స్, చీజ్‌మన్ కాన్యన్ ప్రాంతాల్లో చేపలు చాలా ముదుర్లు. అక్కడ 18 నుంచి 24 సైజు దాకా దోమంత ఫ్లైలు పెట్టెలో లేకపోతే చలికాలంలో ఉత్త చేతులతో తిరిగి రావాల్సిందే. మామూలు ట్రౌట్ వేటకి 10 నుంచి 16 చాలు. వూలీ బగ్గర్ లాంటి తోక ఊపే ఫ్లైలకి 6, 8, 10. టెక్సస్, ఫ్లోరిడా తీరాల్లో రెడ్‌ఫిష్ కోసమైతే 2 నుంచి 2/0 దాకా వెళ్ళాలి.

మన దేశంలో ఉన్నవాళ్ళకి లెక్క వేరు. హిమాచల్‌లో తీర్థన్ నదికి బ్రౌన్ ట్రౌట్ కోసం వెళ్తే 10 నుంచి 16 మధ్య కట్టుకుంటే సరిపోతుంది. మహసీర్‌కి గట్టి తీగతో చేసిన 4 నుంచి 2/0 హుక్‌లు కావాలి. కోస్తా ఉప్పుటేరుల్లో పండుగప్ప మీద మనసుంటే 1/0, 2/0, 3/0 సైజుల్లో క్లౌజర్ మిన్నో (చిన్న చేపలా కనిపించే ఫ్లై) లాంటివి కట్టాలి. కొర్రమీను కోసం ఫోమ్ ముక్కతో కప్ప ఆకారం కట్టినా హుక్ పెద్దదే. అంటే విశాఖలోనో కాకినాడలోనో ఉన్న మనిషికి దోమ సైజు దవడలు అమ్మేవాణ్ణి నమ్మకూడదు. డెన్వర్‌లో ఉన్నవాడికి సొరచేప సైజు దవడలు అమ్మితే అదీ అంతే.

నా రెండో తప్పు ఇదే. "గట్టిగా పట్టుకుంటుంది" అని ఎవరో చెబితే లావు మొనల దవడ ఉన్నది కొన్నాను. గట్టిగా పట్టుకున్న మాట నిజం. 22 సైజు హుక్ పెడితే దవడ మొనే దాన్ని సగం మింగేసేది. దారం చుట్టడానికి వేలు, హుక్, దవడ మూడూ ఒకదాన్ని ఒకటి తోసుకునేవి. ఏడాది తిరక్కుండానే అమ్మేశాను.

కాబట్టి కాగితం మీద రెండు అంకెలు రాయండి. ఈ ఏడాది నిజంగా కట్టబోయే అతి చిన్న సైజు, అతి పెద్ద సైజు. ఎప్పుడో అలాస్కా వెళ్తే కడదాం అనుకునేవి రాయకండి.

2. దవడలు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

నా మొదటి వైస్ ఒక కిట్‌లో వచ్చింది. అమ్మినవాళ్ళ పేరు ఎందుకులెండి. పెట్టె తెరిచి చూస్తే వైస్ కాండం మీద "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంది. ఏడు సముద్రాలు దాటి వచ్చి మన ఊరి సరుకే కొన్నానా అని నవ్వుకున్నాను. అమెరికాలో దొరికే చవక వైస్‌లలో మన దేశంలో తయారైనవి చాలానే ఉంటాయి. ఎక్కువగా అవి ఇలినాయ్‌లోని ఎల్గిన్‌లో ఒకప్పుడు తయారైన థాంప్సన్ మోడల్ ఏ అనే పాత వైస్‌కి నకళ్ళు. అసలు థాంప్సన్ మంచి పనిముట్టు. దశాబ్దాల పాటు ఎంతోమంది దానిమీదే నేర్చుకున్నారు.

నా నకలుతో వారంలోనే టెన్షన్ మొదలైంది. దారం కాస్త బిగించి లాగితే హుక్ మొన కిందికి వాలిపోయేది. లివర్ ఇంకా నొక్కితే దవడ మీద హుక్ తీగ అచ్చు పడిపోయేది. ఆ వేసవిలో నాన్న ఇండియా నుంచి వచ్చారు. ఆయన ఐటీఐ చదివిన ఫిట్టర్, ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో చేశారు. వైస్‌ని చేతిలోకి తీసుకుని, గరాజ్‌లో ఉన్న సన్న ఆకురాయితో దవడ పక్కన ఒక్క గీత గీశారు. ఆకురాయి కరకరా కోసుకుపోయింది.

"దీనికి టెంపర్ లేదురా. హుక్కేమో గట్టి స్టీలు, దవడేమో మెత్తటి ఇనుము. ఏది ఓడిపోతుందో నువ్వే చెప్పు" అన్నారు.

అసలు విషయం అంతే. హుక్ తీగ టెంపర్ చేసిన గట్టి ఉక్కు. దాన్ని పట్టుకునే దవడ అంతకంటే గట్టిగా ఉండాలి. మంచి వైస్‌ల దవడలు టూల్ స్టీలుతో చేసి టెంపర్ చేస్తారు. వాటి మీద ఆకురాయి జారిపోతుంది కానీ కోయదు. షాపులో కొత్త వైస్ మీద ఆకురాయి పెడితే తన్ని తరిమేస్తారు కాబట్టి, దవడలు దేనితో చేశారో కంపెనీ వివరాల్లో చదవండి. "హార్డెన్డ్ టూల్ స్టీల్" అన్న మాట ఎక్కడా లేకపోతే అనుమానించండి.

ఇక దవడలు మూసుకునే పద్ధతులు. ముఖ్యంగా మూడు.

పాత పద్ధతిలో, అంటే థాంప్సన్ రకంలో, లివర్ నొక్కితే చీలిక ఉన్న దవడ వెనక్కి లాగబడి ఒక గొట్టంలోకి దూరుతుంది. గొట్టం అంచు దాన్ని నొక్కి మూయిస్తుంది. హుక్ మందం మారినప్పుడల్లా మర తిప్పి సరిచేసుకోవాలి. మెయిన్ రాష్ట్రపు కంపెనీ హెచ్‌ఎంహెచ్ వైస్‌లు ఈ జాతివే. వాటికి చిన్న, మామూలు, పెద్ద హుక్‌ల దవడలు విడివిడిగా దొరుకుతాయి, మార్చుకోవచ్చు. దోమ సైజు నుంచి సముద్రపు సైజు దాకా అన్నీ కట్టేవాళ్ళకి ఇది తెలివైన దారి.

రెండో పద్ధతిలో దవడ రెండు పలకల్లా ఉంటుంది. ముందు ఒక మర సందు ఎంత ఉండాలో చూసుకుంటుంది, వెనక కామ్ లివర్, అంటే ఒకపక్క ఉబ్బుగా ఉండే పిడి, తిప్పితే పలకల తోకల్ని విడదీస్తుంది. తోకలు విడిపోతే మొనలు బిగుస్తాయి. బట్టల క్లిప్ తిరగేసినట్టు అనుకోండి. రెంజెట్టి ట్రావెలర్, కొలరాడోలో తయారయ్యే పీక్ ఇలాంటివే. ట్రావెలర్ దవడలు 28 నుంచి 4/0 దాకా పడతాయని కంపెనీ చెబుతుంది. మొనలు సన్నగా ఉంటాయి కాబట్టి చిన్న ఫ్లైలకి హాయి.

మూడోది రీగల్ వాళ్ళ స్ప్రింగ్ దవడ. మామూలుగా మూసుకునే ఉంటుంది. లివర్ పిసికితే నోరు తెరుస్తుంది, హుక్ పెట్టి వదిలేస్తే కరిచి పట్టుకుంటుంది. మర తిప్పే పని అసలు లేదు. ఒకే రోజు 6, 14, 2/0 మార్చి మార్చి కట్టేవాళ్ళకి ఇంతకంటే సుఖం లేదు. పట్టు మొసలి పట్టే. మామూలు దవడ మొన కాస్త మందం. 20 దాటి చిన్నవి కట్టాలంటే సన్న మొన దవడ ఉన్నది అడిగి తీసుకోవాలి. ఇంకో సంగతి, వేళ్ళ కీళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకి ఆ లివర్ పిసకడం కష్టంగా ఉంటుంది. షాపులో ఒక ఇరవై సార్లు పిసికి చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

3. తిరిగే వైస్ కావాలా?

అమ్మేవాళ్ళు ఎక్కువ మాట్లాడేది దీని గురించే. ఇక్కడ ఒక మోసపు మాట ఉంది, జాగ్రత్త. "తిరుగుతుంది" అన్నవన్నీ ఒకటి కావు.

కొన్నిటిలో దవడ తిరుగుతుంది కానీ హుక్ కాడ ఆ ఇరుసు మీద ఉండదు. తిప్పితే హుక్ గానుగెద్దులా చుట్టూ తిరుగుతుంది. ఫ్లై అవతలి పక్క ఎలా వచ్చిందో చూసుకోవడానికి ఇది చాలు. రీగల్ మెడాలియన్ ఇలాంటిది. ట్రూ రోటరీ అనేవాటిలో హుక్ కాడ సరిగ్గా ఇరుసు మీదే ఉంటుంది. తిప్పితే హుక్ ఉన్నచోటే కదురులా తిరుగుతుంది. అప్పుడు ఈకనో తీగనో ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వైస్ తిప్పితే చాలు, అదే చుట్టుకుంటుంది. రెంజెట్టి, పీక్, రీగల్‌లోనే రెవల్యూషన్ అనే మోడల్ ఈ కోవలోవి. నార్‌వైస్ అయితే లేత్ మిషన్‌లా గిర్రున తిరుగుతుంది. దానికి దాని సొంత పద్ధతి నేర్చుకోవాలి, మొదటి వైస్‌గా నేను చెప్పను.

నిజంగా ఉపయోగం ఎక్కడ? వూలీ బగ్గర్ ఒంటి పొడవునా మెడ ఈక చుట్టేటప్పుడు, తీగ వరుసలు సమానంగా వేసేటప్పుడు, యూవీ కాంతికి గట్టిపడే జిగురు పూసి ఆరేలోగా ఒకపక్కకి జారకుండా తిప్పుతుండేటప్పుడు. దోమ సైజు ఫ్లైలకి దీని అవసరం దాదాపు లేదు, నాలుగు చుట్లే కదా. ఒక చిక్కు కూడా ఉంది. వైస్ తిప్పితే కింద వేలాడే దారపు బాబిన్ కూడా చుట్టుకుపోతుంది. అందుకే బాబిన్‌ని హుక్ కాడకి తిన్నగా ఆనించే చిన్న కొయ్య, బాబిన్ క్రేడిల్ అంటారు, ఉండాలి. అది వైస్‌తో వస్తుందో విడిగా కొనాలో అడగండి.

మెడ ఈకల మాట వచ్చింది కాబట్టి: ఇక్కడివాళ్ళు గ్రిజ్లీ, బ్యాడ్జర్, ఫర్నెస్ అంటూ కోడి ఈకల రంగుల గురించి గంటలు గంటలు వాదించుకుంటారు. మొదటిసారి విన్నప్పుడు భీమవరంలో మా మేనమామ డేగ, కాకి, పర్ల, సేతువ అని లెక్క చెప్పడమే గుర్తొచ్చింది. కోడి మెడ చూసి జాతకం చెప్పేవాళ్ళు అన్నిచోట్లా ఉన్నారు.

నా అభిప్రాయం అడిగితే, ట్రూ రోటరీ ఉంటే మంచిది, లేకపోతే కొంప మునగదు. అదే ధరలో మంచి దవడ ఉన్న తిరగని వైస్, మెత్తటి దవడ ఉన్న తిరిగే వైస్ రెండూ కనిపిస్తే మొదటిదే తీసుకోండి. ఎడమచేతివాళ్ళు మాత్రం ముందే కనుక్కోవాలి. హ్యాండిల్, మరలు కుడిచేతివాళ్ళ కోసం అమర్చి ఉంటాయి. కొన్ని కంపెనీలు ఎడమచేతి వైస్‌లు విడిగా చేస్తాయి.

4. కింద క్లాంప్ ఉండాలా, పీఠం ఉండాలా?

దీనికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. కట్టడానికి ఒక స్థిరమైన బల్ల ఉంటే క్లాంప్ కొనండి. బల్ల అంచుకి బిగిస్తే పట్టు గట్టిగా ఉంటుంది, ఎత్తు కూడా పైకీ కిందికీ జరుపుకోవచ్చు. హుక్ మీ ఛాతీ మధ్యకి వస్తే మెడ నొప్పి రాదు. కొనేముందు బల్ల మందం కొలిచి, క్లాంప్ నోరు అంత తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.

పీఠం ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఎత్తు మాత్రం మారదు. తేలికపాటిది కొంటే పెద్ద హుక్ మీద దారం లాగినప్పుడు మొత్తం మీ ఒళ్ళోకి వస్తుంది. నేను పీఠానికి మారడానికి కారణం వేరే. భోజనాల బల్ల అంచున క్లాంప్ నొక్కుడు మచ్చ చూసి మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఇండియా తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు మాత్రం క్లాంపే తీసుకోండి. ఇనుప పీఠం ఉన్న పెట్టెలో తిరుగు ప్రయాణంలో ఆవకాయకి చోటు మిగలదు.

అమెరికాలో అమ్మే వైస్‌లలో చాలావాటి కాండం మందం 3/8 అంగుళం. కొనేది కూడా అదే అయితే తర్వాత వేరే కంపెనీ పీఠం, బాబిన్ క్రేడిల్, దీపం కొక్కెం తెచ్చి పెట్టుకోవచ్చు.

5. ఎంత పెట్టొచ్చు?

సుమారు లెక్క చెబుతాను, ధరలు మారుతుంటాయి. 50 డాలర్ల లోపు దొరికేవి దాదాపు అన్నీ నా మొదటి వైస్ లాంటివే. ఈ పని మీకు నచ్చుతుందో లేదో తేలడానికి పనికొస్తాయి. నచ్చితే మాత్రం మూడు నెలల్లో మార్చాల్సి వస్తుంది. 200 నుంచి 350 మధ్యలో పీక్, ట్రావెలర్, రీగల్, హెచ్‌ఎంహెచ్ వాళ్ళ మొదటి మెట్టు మోడళ్ళు దొరుకుతాయి. ఈ వరుసలో కొన్నది బాగా చూసుకుంటే పాతికేళ్ళు పనిచేస్తుంది. అంతకు మించి పెట్టేది నునుపుకీ అందానికీ. పెట్టొద్దని అనను, ఫ్లై మాత్రం చేపకి ఒకేలా కనిపిస్తుంది.

50కీ 200కీ మధ్య ధరల్లో తిరిగేవి, మెరిసేవి చాలా కనిపిస్తాయి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఆ డబ్బు తిరిగే సామానుకి పోయి దవడకి మిగలదు. అంత బడ్జెట్టే ఉంటే, మంచి కంపెనీది పాతది వెతకండి. వయసు మళ్ళినవాళ్ళు చూపు తగ్గి ఈ పని మానేసినప్పుడు బంగారం లాంటి వైస్‌లు సగం ధరకి వస్తాయి. నా మూడో వైస్ అలా దొరికిందే.

6. చేతికొచ్చాక చేయాల్సిన పరీక్ష

షాపుకైతే మీ కాగితం మీద రాసుకున్న రెండు సైజుల హుక్‌లు జేబులో వేసుకుని వెళ్ళండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు దాటకముందే ఇంట్లో చేయండి.

ముందు చిన్న హుక్. వంపు కింది భాగాన్ని దవడ మొనల్లో పెట్టి, ములుకు, దాని ఎదురుముల్లు బయటే ఉంచి, కాడ నేలకి సమాంతరంగా ఉండేలా బిగించండి. ఇప్పుడు హుక్ కన్ను, అంటే లైన్ కట్టే రంధ్రం, దగ్గర వేలితో కిందికి నొక్కండి. తీగ కొద్దిగా వంగి, వదలగానే తిరిగి పైకి రావాలి. వంగకుండా మొత్తం హుక్కే కిందికి తిరిగిపోతే పట్టు లేనట్టు. గోటితో మీటితే "టింగ్" అని మోగాలి. ఆ శబ్దం మొద్దుగా వస్తే ఇంకోసారి బిగించి చూడండి. అప్పుడూ అంతే అయితే తిరిగి ఇచ్చేయండి.

తర్వాత పెద్ద హుక్, అదే పరీక్ష. ఈసారి నొక్కడం కాదు, మందపాటి దారం నాలుగు చుట్లు వేసి తెగేంత బలంగా లాగండి. దారం తెగాలి కానీ హుక్ కదలకూడదు.

ట్రూ రోటరీ అయితే ఒక సూది తీసుకుని మొనని హుక్ కంటికి తగిలీ తగలనట్టు పట్టుకుని వైస్ మెల్లగా తిప్పండి. కన్ను సూది దగ్గరే ఉండాలి. దూరం జరిగి మళ్ళీ దగ్గరికి వస్తుంటే హుక్ ఇరుసు మీద లేదన్నమాట. ముందు హుక్ పెట్టడంలో తేడా ఉందేమో సరిచేసి చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

పాత వైస్ కొంటున్నారా? అయితే భూతద్దం తీసుకెళ్ళండి. దవడ మొన చిట్లి ఉందా, లోపలి వైపు హుక్ తీగ గాడి పడిందా చూడండి. గీతలు, తుప్పు మరకలు పర్లేదు, దవడ చిట్లితే మాత్రం వద్దు. ఆ మోడల్‌కి విడి దవడలు ఇంకా దొరుకుతుంటే వాటి ధర కలిపి బేరమాడండి.

7. మొదటి రోజు నుంచి పాటించాల్సినవి

ప్రతి హుక్‌కీ ముందు సందు సరిచేసి, తర్వాత లివర్ నొక్కండి. లివర్‌కి బలం పెట్టాల్సి వస్తోందంటే సందు తక్కువైందని అర్థం. బలవంతంగా నొక్కితే దవడ మొన చిట్లుతుంది, లేదా హుక్ పుటుక్కున విరుగుతుంది. 

ఎదురుముల్లు నొక్కి చదును చేయాలనుకుంటే కట్టకముందే, చదును ముక్కు పట్టుకారుతో చేయండి. చాలామంది వైస్ మొనలతోనే నొక్కేస్తారు. దవడలు పాడయ్యేది ఎక్కువగా అలానే. పైగా నొక్కేటప్పుడు కొన్ని హుక్‌లు విరుగుతాయి, కట్టిన తర్వాత విరిగితే అరగంట పని వృథా.

నెలకోసారి లివర్ కామ్ దగ్గర ఒక్క బొట్టు మిషన్ నూనె. దవడల లోపలి వైపు మాత్రం నూనె అంటకూడదు, గుడ్డతో తుడిచేయండి. పని అయ్యాక హుక్ తీసేసి లివర్ వదులు చేసి పెట్టండి. దవడలు రాత్రంతా బిగుసుకుని ఉండకూడదని నాన్న చెప్పిన కారణం. మా ఇంట్లో ఇంకో కారణం కూడా ఉంది. ఒకసారి సగం కట్టిన వూలీ బగ్గర్‌ని వైస్‌లోనే వదిలేసి పడుకున్నాను. తెల్లారి స్కూలు బస్సు కోసం పరిగెత్తుతున్న మా పాప స్వెటర్ చెయ్యి దానికి పట్టుకుంది. హుక్ కదల్లేదు, దవడ వదల్లేదు, వైస్ పీఠంతో సహా పాప వెనకాలే వచ్చి నేల మీద పడింది.